పానకాలు గారు కడిగిన సీసాలు

తప్పు తన చేతిదేనని పానకాలు గారికి ఎప్పుడు తెలిసింది?

తొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆయన పనికి రావడం మానేసిన కొత్తలో మహిమ అడుగుదామనే అనుకుంది. గుంటూరు నుంచి మంగళగిరి ఎంతని, బస్సెక్కితే గంట పట్టదు. రెండుసార్లు వెళ్ళింది కూడా. మొదటిసారి ఆయన ఇంట్లో లేరు. ఆయన భార్య రమణమ్మ గారు మజ్జిగిచ్చి, కూర్చోబెట్టి, తన మోకాళ్ళ సంగతంతా చెప్పి పంపించారు. రెండోసారి వీధి మలుపు దాకా పోయి, మగ్గాల చప్పుడు వింటూ కాసేపు నిలబడి, ఏమని అడగాలో తోచక వెనక్కి వచ్చేసింది. పోయిన వేసవిలో కాలేజీ వాచ్‌మన్ గౌస్ బాషా ఫోన్ చేశాడు. "మన పానకాలు పోయాడంటమ్మా. నిద్దట్లోనే" అన్నాడు. ఇక అడగడానికి మనిషి లేడు.

ఆయన పేరు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. పరిశోధన వ్యాసాల చివర కృతజ్ఞతలు చెప్పే రెండు పంక్తుల్లో కూడా లేదు. అయినా ఆ ప్రయోగశాల గదిలో పనిచేసిన వాళ్ళని ఇవాళ అడిగితే, ఏ యంత్రం ఏ మూల ఉండేదో మరిచిపోయి ఉంటారు గానీ, తొట్టి దగ్గర చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, సీసాను వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసే ఆ పొడుగాటి మనిషిని మాత్రం మరిచిపోయి ఉండరు.

గుంటూరు శివార్లో, కాలేజీ వెనకాల, ఒకప్పుడు పొగాకు బేళ్ళు దాచిన రేకుల గోడౌనును నాలుగు గదులు చేసి ప్రయోగశాల పెట్టారు. వాన పడితే గోడలు ఇంకా పొగాకు వాసన వేసేవి. దానికి పెద్ద, డాక్టర్ శ్యామ్ సుందర్, ఒంగోలు మనిషి. ఆయన మెల్లగా మాట్లాడితే పక్కగదిలోకి వినపడుతుంది, గట్టిగా మాట్లాడితే రోడ్డు మీదికి. మహిమది పొన్నూరు పక్క పల్లె. తండ్రి దానయ్య కూలికి పోయేవాడు, ఆదివారాలు చర్చి గంట కొట్టేవాడు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ఆ గదిలో చేరేనాటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు.

వాళ్ళ పని పారాటైఫాయిడ్‌కి టీకా తయారుచేయడం. టైఫాయిడ్‌కి టీకా ఉంది. దాని చెల్లెలి లాంటి ఈ జ్వరానికి లేదు. చెరువు నీళ్ళు తాగే ఊళ్ళలో వేసవి ముదిరితే ఆస్పత్రి మంచాల మీద ఈ జ్వరమూ ఉండేది.

పానకాలు గారు ఆ గదిలోకి వచ్చింది రెండువేల పద్నాలుగు జనవరిలో. అప్పటికి ఆయనకు యాభై ఆరు. ముప్పై ఏళ్ళు మగ్గం నేసి, దగ్గర చూపు మందగించి మానేశారు. తెలిసినవాళ్ళు చెప్తే కాలేజీ వాళ్ళు గాజుసామాను కడగడానికి, కుందేళ్ళకు మేత వేయడానికి పెట్టుకున్నారు. మొదటిరోజే, ఇంకా తువ్వాలు భుజం మీంచి తీయకముందే, బోర్డు మీద మహిమ గీసిన బొమ్మ ముందు నిలబడ్డారు.

"ఇదేందమ్మా? ముళ్ళపంది లాగుంది."

"జ్వరం తెచ్చే క్రిమి బాబాయ్. ఆ ముళ్ళన్నీ చక్కెర గొలుసులు. ఒళ్ళంతా కప్పుకుని ఉంటది."

"చక్కెరా? మనం కాఫీలో వేసుకునేదే?"

"ఆ జాతిదే. ఈ గొలుసును విడదీసి సూది వేస్తే పెద్దవాళ్ళ ఒళ్ళు కాస్త గుర్తుపడుతుంది. చంటిపిల్లల ఒంటికి మాత్రం ఆనదు, గుర్తుండదు. అందుకని ఆ చక్కెరను తీసుకెళ్ళి ఒక ప్రోటీనుకు అతికిస్తాం. ప్రోటీనును ఒళ్ళు మరిచిపోదు. దాంతోపాటు చక్కెర కూడా గుర్తుండిపోతుంది. రేపు అసలు క్రిమి వస్తే, ఇది నాకు తెలుసే అని మీద పడుతుంది."

పానకాలు గారు తువ్వాలు తీసి గట్టు మీద పెట్టారు. "అంటే అచ్చు అతకటం" అన్నారు.

మహిమకు తెలియలేదు. ఆయన తొట్టి గట్టు మీద కూర్చుని చెప్పారు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తుంటే దాన్ని మొత్తం తీసెయ్యరు. పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెడతారు. ఒక్కొక్క పోగే. మూడు వేల పోగులు. పాత పడుగు మగ్గానికి అలవాటైనదే కాబట్టి దాని వెంబడి కొత్తదీ సాఫీగా లోపలికి పోతుంది.

"మా అమ్మ పక్కన కూకుని పదేళ్ళప్పుడే నేర్చుకున్నా. ఒక్క పోగు తప్పినా చీర పొడుగూతా గీత పడుద్ది" అని మళ్ళీ బోర్డు మీద, క్రిమి పక్కనే చక్కెర గొలుసును ప్రోటీనుకు అతికించినట్టు గీసిన బొమ్మ వైపు చూశారు. "అవునుగానీ, పోగుని నడిమధ్యలో పట్టుకుని కట్టారేందమ్మా? కొసకి కొస గదా అతకాల?"

అప్పుడే లోపలికి వచ్చిన శ్యామ్ సుందర్ పకపకా నవ్వాడు. "విన్నావా మహిమా! వచ్చి పూట కాలేదు, మన డిజైన్‌కి వంక పెట్టాడు. ఏమయ్యా పానకాలు గారూ, కొసకి అతికితే మంచిదని మాకూ తెలుసు. దానికి నెలలు పడుద్ది. మధ్యలో నాలుగుచోట్ల పట్టుకుంటే వారంలో అయిపోద్ది."

"వారంలో అయ్యే చీర వారమే కడతారండి" అన్నారు పానకాలు గారు, నవ్వకుండా.

ఆ రోజు నుంచి ఆ గదికి ఒక అలవాటు ఏర్పడింది. పొద్దున తొమ్మిదిన్నరకి మంగళగిరి బస్సు దిగి ఆయన వస్తారు. క్యారియర్ మేకుకు తగిలిస్తారు. సీసాలు సబ్బుతో, కుళాయి నీళ్ళతో మూడుసార్లు, స్వేదనజలంతో మూడుసార్లు కడుగుతారు. గోడ మీద మహిమ రాసి అంటించిన కాగితంలో ఎలా ఉంటే అలాగే. ఆదివారం మహిమకు చర్చి ఉంటుందని ఆయనే బస్సు ఖర్చు పెట్టుకుని వచ్చి కుందేళ్ళకు మేత వేసేవారు. క్రిస్మస్‌కి మహిమ తల్లి ఆదెమ్మ పంపిన అరిసెలు తిని, "మీ అమ్మ పాకం పట్టింది చూడు, అదీ చక్కెర తెలిసిన చెయ్యి. నువ్వెందుకమ్మా ఇన్ని పుస్తకాలు చదివింది?" అన్నారు.

మార్చి వస్తే ఊరంతా మిర్చి ఘాటు. యార్డుకు పోయే లారీలు కాలేజీ గేటు ముందు నుంచే పోయేవి. ఒకనాడు కుందేళ్ళు వరసగా తుమ్మడం మొదలుపెడితే, శ్యామ్ సుందర్ జబ్బేమోనని హడలిపోయి పశువుల డాక్టర్‌కు ఫోన్ చేయబోయాడు. పానకాలు గారు కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టారు. అరగంటలో తుమ్ములు ఆగాయి. "మీరు ఒంగోలోళ్ళు, కుందేళ్ళు హైదరాబాదువి. గుంటూరు గాలి అలవాటు పడాలిగదండీ" అన్నారు.

ఇంకొకటి గుర్తు. నీళ్ళలో పులుపు ఉందో, సోడా గుణం ఉందో చెప్పే రంగు కాగితం ఉంటుంది. చిన్న పుస్తకంలా ముక్కలు ముక్కలుగా చింపుకోవచ్చు. పులుపైతే ఎర్రబడుతుంది, సోడా అయితే నీలం, రెండూ కాకపోతే లేత ఆకుపచ్చ. దాన్ని మొదటిసారి చూసినప్పుడు పానకాలు గారు పసిపిల్లాడే అయిపోయారు. క్యారియర్‌లో మజ్జిగలో ముంచారు, టీలో ముంచారు. మంగళగిరి కొండ మీద స్వామికి పోస్తే సగం తాగి వదిలిన పానకం సీసాలో తెచ్చి, అందరికీ తలా గుక్కెడు పోసి, మిగిలిన దాంట్లో కాగితం ముంచారు.

"పసుపొచ్చిందమ్మా. అంటే?"

"కాస్త పులుపు బాబాయ్."

"స్వామి ఎన్నేళ్ళబట్టి తాగుతున్నాడో, ఆయనకెవరూ చెప్పలేదు" అని, ఒక చిన్న పుస్తకం అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

మొదటి రెండు విడతల టీకా అంతంతమాత్రంగానే పనిచేసింది. కుందేలుకు టీకా వేసి, కొన్ని వారాలకు దాని నెత్తురు తీసి పరీక్షిస్తే, పళ్ళెంలో గుంటలు పసుపురంగుకు తిరగాలి. రంగు ఎంత ముదిరితే ఒళ్ళు చక్కెరను అంత బాగా గుర్తుపెట్టుకున్నట్టు. గుంటలు కడిగిన చీర వెలిసినట్టు లేత పసుపులో ఉండిపోయాయి. శ్యామ్ సుందర్ రెండు రోజులు బోర్డు ముందే తిరిగి, మూడోనాడు, "కొసకే అతుకుదాం" అన్నాడు. పానకాలు గారు తొట్టి దగ్గర నుంచి తల కూడా తిప్పలేదు, కానీ ఆ పూట ఆయన ఏదో కూనిరాగం తీయడం మహిమ విన్నది.

కొసకు అతకడమంటే గొలుసును రవ్వంత కూడా చెదరకుండా కాపాడుకోవాలి. పొడుగాటి గాజు గొట్టంలోంచి ద్రావణం చుక్కచుక్కగా దిగుతుంటే ఏ చుక్క దగ్గర సీసా మార్చాలో చూస్తూ గంటలు గంటలు కూర్చోవాలి. మహిమకు మెడ పట్టేసేది. పానకాలు గారు స్టూలు చేతికందేంత దూరంలో వేసుకుని కూర్చునేవారు. దూరపు చూపుకు లోటు లేదు. "నువ్వు లేమ్మా. పోగులు లెక్కపెట్టిన కంటికి చుక్కలు ఒక లెక్కా" అనేవారు.

అంత చేసిన మూడో విడతకు గుంటల్లో రంగే రాలేదు. నీళ్ళు పోసినట్టు తెల్లగా ఉన్నాయి.

"మీ స్వామి పోసిన దాంట్లో సగమన్నా తాగుతాడు పానకాలు గారూ. మన కుందేలు మొత్తం వదిలేసింది" అన్నాడు శ్యామ్ సుందర్. నవ్వే ప్రయత్నం చేశాడు, రాలేదు. పైవాళ్ళు ఉత్తరం రాశారు. రెండువేల పదహారు ఆగస్టు ఆఖరులోగా ఫలితం చూపించకపోతే ఆ పని ఆపేసి గది వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. ఏడు నెలలుంది. ఇంకొక్క విడతకు సరిపోతుంది, అంతే.

మహిమ పాత లెక్కలన్నీ మళ్ళీ తిరగేసింది. పద్ధతి మంచిదైతే ఫలితం మెరుగవ్వాలి గదా, ఉన్నది కూడా పోవడమేమిటి? ఆ ఫిబ్రవరిలో పానకాలు గారు కూతురు పురుడని పది రోజులు చీరాల వెళ్ళారు. ఆ పది రోజులూ సీసాలు మహిమే కడుక్కుంది. ఆ రోజుల్లో తీసిన చక్కెర పరీక్షల్లో నికార్సుగా నిలిచింది. ఆయన తిరిగొచ్చిన వారం తీసింది మళ్ళీ పాడైంది. ఆమె తొట్టి పక్కన నిలబడి ఆలోచించింది. ఆలోచించకూడదనుకుంటూనే ఆలోచించింది. ఆయన కడిగి బోర్లించిన సీసా ఒకటి తీసి, గుక్కెడు శుభ్రమైన నీళ్ళు పోసి కుదిపి, రంగు కాగితం ముంచింది.

నీలం.

తొట్టి కింద పాత ఆవాల డబ్బా ఉంది. మూత తీస్తే బట్టల సోడా.

ఆ చక్కెర గొలుసు మీద అక్కడక్కడా చిన్న చిన్న బొడిపెలుంటాయి. ఒళ్ళు గుర్తుపట్టేది వాటినే. సోడా తగిలితే అవి ఊడిపోతాయి. గొలుసు గొలుసులాగే కనిపిస్తుంది, గుర్తు మాత్రం ఉండదు. పానకాలు గారు గోడ మీది కాగితంలో ఉన్నదంతా చేస్తున్నారు. చేశాక, చక్కెర సీసాలకు మాత్రం, ఆఖరున ఒకసారి సోడా నీళ్ళు తిప్పి ఆరబెడుతున్నారు. వాళ్ళింట్లో రంగు వేసే నూలును సోడా నీళ్ళలో ఉడకబెట్టి, పిండి, అలాగే రంగు తొట్లో వేస్తారు. మళ్ళీ కడగరు. జిడ్డు రవ్వంత మిగిలినా రంగు పట్టదు. రెండో విడతకు గుంటల్లో రంగు సరిగా రానప్పటి నుంచి, జిడ్డేమోనన్న అనుమానంతో ఆయన ఈ జాగ్రత్త మొదలుపెట్టి ఉంటారు. అన్ని సీసాలకూ కాదు. ఆయనకు ముద్దైన సీసాలకే.

శ్యామ్ సుందర్ విని లేచి నిలబడ్డాడు. "ఏడాది పని! పిలువు ఆయన్ని!"

"వద్దు సార్."

"వద్దేంటి? ఇట్టాంటివి మొహమ్మీద చెప్పాల."

"ఆ డబ్బా తీసేస్తాను. ఇక నుంచి సీసాలు నేనే కడుగుతాను. చెప్పకండి సార్, మీకు దండం పెడతాను."

మహిమ కళ్ళ ముందు తండ్రి ఉన్నాడు. ఆమెకు పదకొండేళ్ళప్పుడు దానయ్య ఒక ఆదివారం గంట అరగంట ముందే కొట్టేశాడు. గడియారం ఆగిపోయింది, ఆయన తప్పు లేదు. సంఘ పెద్ద ఒకాయన చర్చి మెట్ల మీద అందరి ముందూ కేకలేశాడు. దానయ్య మళ్ళీ జన్మలో ఆ గంట తాడు ముట్టుకోలేదు. గంట మోగినప్పుడల్లా ఇంట్లో తల వంచుకుని కూర్చునేవాడు.

శ్యామ్ సుందర్ కూర్చున్నాడు. "నీ ఇష్టం. చెప్పకుండా దాయటం కూడా ఒక మాట అనటమేనమ్మా, అది గుర్తుంచుకో" అన్నాడు, ఎప్పుడూ లేనంత మెల్లగా.

మర్నాటి నుంచి మహిమ పొన్నూరు నుంచి మొదటి బస్సుకే వచ్చేది. పానకాలు గారు వచ్చేసరికి సీసాలన్నీ కడిగి బోర్లించి ఉండేవి. మొదటిరోజు ఆయన తొట్టి ముందు నిలబడి, చొక్కా చేతులు సగం మడిచి, ఆగిపోయారు.

"ఏమ్మా, తెల్లారకముందే వచ్చావా ఏంది?"

"బస్సు తొందరగా దొరికింది బాబాయ్. ఖాళీగా ఉన్నానని..."

"ఓహో."

రెండోరోజూ బస్సు తొందరగానే దొరికింది. మూడోరోజూ. నాలుగోరోజు ఆయన తొట్టి కింద వంగి చూశారు.

"ఇక్కడ ఆవాల డబ్బా ఉండాలే?"

"సోడా అయిపోయింది బాబాయ్. పారేశాను."

"మొన్ననేగా నిండా పోసింది" అన్నారు. మహిమ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. చాలాసేపటికి, "నా కడుగుడు బాగాలేదా అమ్మా?" అన్నారు.

"అయ్యో, అదేం లేదు బాబాయ్!"

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి అంతకంటే మంచి సందు మళ్ళీ దొరకలేదు. ఆయన మడిచిన చేతులు విప్పుకుని, గుండీ పెట్టుకుని, కుందేళ్ళ గదిలోకి వెళ్ళిపోయారు.

నాలుగో విడత నడిచినన్నాళ్ళూ ఆయన వచ్చారు. గాజు గొట్టం ముందు స్టూలు వేసుకుని చుక్కలు చూశారు. ఆ వేసవి గదిలో ఫ్యాను కూడా వేయకూడదు, చుక్క వంకర పోతుందని. చెమట గడ్డం మీంచి కారుతున్నా తుడుచుకోకుండా, సరిగ్గా మారాల్సిన చుక్కకు సీసా మార్చారు. ఒక్కటీ తప్పలేదు. మాటలు మాత్రం తగ్గాయి. మిర్చి లారీలు పోయినా, కుందేళ్ళు తుమ్మినా ఏమీ అనలేదు. ఆదెమ్మ పంపిన సున్నుండలు రెండు తిని, "బాగున్నయ్యని చెప్పు" అన్నారు, అంతే. తొట్టి వైపు మాత్రం వెళ్ళేవారు కాదు.

ఆగస్టు పంతొమ్మిదిన, మధ్యాహ్నం మూడింటికి, మహిమ పళ్ళెం తీసి చూసింది. గుంటలు ఒకదాని వెనక ఒకటి పసుపుకు తిరుగుతున్నాయి. లేత పసుపు కాదు, బంతిపువ్వు పసుపు. నాలుగు కుందేళ్ళకు నాలుగూ. ఇది టీకా అయి ఏ పిల్ల చేతికన్నా ఎక్కడానికి ఇంకా ఎన్నో మెట్లున్నాయని ఆమెకు తెలుసు. కానీ గది ఉంటుంది. పని ఉంటుంది.

శ్యామ్ సుందర్ కేక గేటు దాకా వినిపించి ఉంటుంది. "పానకాలు గారేరి? పిలువు! కొసకి కొస అన్నది ఆయనేగా ముందు! అచ్చు అతుకు పట్టిందని చెప్పు!"

మహిమ కుందేళ్ళ గదిలోకి పరిగెత్తింది. మేత వేసి ఉంది, నీళ్ళు మార్చి ఉన్నాయి. ఇవాళ చెప్పేస్తాను అనుకుంది. సోడా సంగతి, డబ్బా సంగతి, బస్సు సంగతి, అంతా. మంచి కబురుతో కలిపి చెప్తే నొప్పి ఉండదు. ఆయన నవ్వుతారు కూడా. వెనక్కి వచ్చి తొట్టి గదిలోకి చూసింది. మేకుకు క్యారియర్ లేదు. భుజం మీది తువ్వాలు ఆరేసుకునే తీగ ఖాళీగా ఉంది.

గట్టు మీద పన్నెండు సీసాలు వరసగా ఉన్నాయి. పొద్దున ఆమె కడిగినవి కావు. పొద్దుటి వాడకానికి మురికైనవి. అయిదు నెలలుగా తొట్టి ముట్టని మనిషి ఇవాళ వాటిని కడిగి, నిలబెట్టి, ఒక్కొక్క సీసా మూతిలో చిన్న కాగితం ముక్క దోపారు. అన్నీ తడిసి ఉన్నాయి. అన్నీ లేత ఆకుపచ్చ. పులుపూ లేదు, సోడా లేదు.

జేబులో పెట్టుకున్న ఆ చిన్న పుస్తకం. అది ఆయన దగ్గర రెండేళ్ళుగా ఉంది.

మహిమ కిటికీ దగ్గరికి వెళ్ళింది. గేటు దగ్గర గౌస్ బాషా కుర్చీలోంచి లేచి ఏదో అన్నాడు. పానకాలు గారు చెయ్యి కొంచెం ఎత్తారు, ఆగలేదు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచే ఉన్నాయి, ఇంకా తడిగా. మంగళగిరి బస్సు మలుపు తిరిగి హారన్ కొట్టింది. ఆయన అడుగు తొందరగా వేసి, క్యారియర్ ముందు లోపల పెట్టి, కడ్డీ పట్టుకుని ఎక్కారు. వెనక్కి తిరిగి చూడలేదు.